గుర్రం మీద పోశ్చర్ బెల్ట్ పనికొస్తుందా? వాడి చూసి రాస్తున్న రివ్యూ

ముందే తేల్చి చెప్పేస్తా. ఆఫీసు కుర్చీలో ఈ బెల్ట్ ఓకే, గుర్రం మామూలుగా నడుస్తున్నంతసేపు ఫర్వాలేదు, ట్రాట్ (నడక కంటే వేగంగా, ఎగరేస్తూ పోయే పరుగు) మొదలైందంటే మాత్రం విప్పి పక్కన పడేయడమే మంచిది. ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తున్నానంటే ఆన్‌లైన్‌లో దీని కింద కనిపించే రివ్యూలన్నీ ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్ళవే, గుర్రం ఎక్కేవాళ్ళు రాసింది ఒక్కటీ నాకు దొరకలేదు. మా మొయినాబాద్ వైపు వీకెండ్ పొద్దున్నే రైడింగ్‌కి వచ్చే పెద్దవాళ్ళలో సగంమంది నాలాగే ఐటీ బ్యాచ్, అందరికీ అదే గూని, అందరికీ రైడింగ్ నేర్పే మా సాబ్ నుంచి అవే తిట్లు, కాబట్టి ఇంకెవరో కూడా ఇదే బెల్ట్ కార్ట్‌లో పెట్టుకుని ఆలోచిస్తూ ఉంటారని నా నమ్మకం.

వస్తువు ఏంటంటే, వీపు మీద ఇంటూ గుర్తులా క్రాస్ అయ్యే రెండు ఎలాస్టిక్ పట్టీలు, భుజాల మీదుగా వచ్చి చంకల కింద నుంచి వెనక్కెళ్ళి మళ్ళీ ముందుకొచ్చి పొట్ట పైన వెల్క్రోతో అతుక్కుంటాయి. చంకల దగ్గర మెత్తటి ప్యాడింగ్ ఉంటుంది. ఏడెనిమిది వందల్లో వచ్చేస్తుంది. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఈ రేటులో దొరికేవన్నీ ఒకే మూసలో పోసినట్టు ఉన్నాయి, లేబుల్ ఒక్కటే తేడా. బయటిదేశాల్లో రైడర్ల కోసమని ప్రత్యేకంగా అమ్మేవి కూడా ఉన్నాయి, అవి బాగా ఖరీదు, పనిచేసే పద్ధతి మాత్రం ఇదే, భుజాల్ని వెనక్కి లాగి పట్టుకోవడం.

సరే ఇప్పుడు అసలు గొడవ. గుర్రం మీద పైభాగం ఎలా ఉండాలి? పక్క నుంచి చూస్తే చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీద ఉండాలి, ఉన్నట్టుండి కింద నుంచి గుర్రాన్ని మాయం చేస్తే మనం వెనక్కీ ముందుకీ పడకుండా కాళ్ళ మీద నిలబడి ఉండాలి. ఇది కొత్త విషయమేం కాదు, 2,300 ఏళ్ళ పైన కిందటే గ్రీకు సైనికుడు జెనోఫోన్ చెప్పాడు, కుర్చీలో కూర్చున్నట్టు కాదు, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు కూర్చోవాలని. అప్పటికి వాళ్ళకి రికాబులు (జీనుకి వేలాడే, పాదాలు పెట్టుకునే ఇనప కడియాలు) కూడా లేవు పాపం. మరి మలక్‌పేట రేసుల్లో జాకీలు అంత వంగి ఉంటారు కదా అని మా తమ్ముడు అడిగాడు, జాకీలు అసలు కూర్చోరు, రికాబులు బాగా పొట్టిగా కట్టుకుని జీను మీద గాల్లో ఉంటారు, అది వేరే లోకం, క్లాసులో దాన్ని కాపీ కొట్టకండి.

ఈ గీతలో బెల్ట్ ముట్టుకునేది ఒక్క భుజాన్నే. చెవి దానికి అందదు, తుంటి అందదు, మడమ అసలే అందదు.

నడక దగ్గర మొదలెడదాం ఎందుకంటే బెల్ట్‌కి మార్కులొచ్చేది అక్కడే. గుర్రం నడక నాలుగు అడుగుల లెక్కలో సాఫీగా పోతుంది, మనకి ఆలోచించుకునే టైమ్ ఉంటుంది, భుజాలు ముందుకి జారగానే చంక కింద పట్టీ బిగుస్తుంది, ఓహో జారాను అని తెలుస్తుంది. అలారం లాంటిది అనుకోండి, మోగుతుంది, లేవాల్సింది మాత్రం మనమే. మొదట్లో నాకు చాలా నచ్చింది, ఎరీనా (మేము రైడింగ్ చేసే ఆవరణ) మూల అద్దంలో చూసుకుంటే ఫొటోకి ఫోజిచ్చినట్టున్నా. కానీ గమనించండి, నడిచేటప్పుడు గుర్రం అడుగడుక్కీ తల ఊపుతుంది, ఆ ఊపుతో పాటు మన మోచేతులు తెరుచుకుంటూ మూసుకుంటూ చేతులు ముందుకీ వెనక్కీ పోవాలి, మోచేతి నుంచి గుర్రం నోట్లో కళ్ళెం దాకా పగ్గం ఒకే గీతలా సాగాలి. బెల్ట్ బిగించి కట్టుకున్నప్పుడు భుజాలు వెనక్కి బిగుసుకుని మోచేతులు డొక్కలకి అంటుకుపోయాయి, గుర్రం తల ముందుకి చాచినప్పుడల్లా పగ్గం టక్కుమని తగులుతోంది. మేము ఎక్కేది చెస్ట్‌నట్ రంగు, అంటే ఎర్రగోధుమ రంగు ఆడగుర్రం, మంచిది, ఓపికెక్కువ, అది కూడా కాసేపు చూసి చెవులు వెనక్కి పెట్టి నోరు తెరిచి తల విదిలించడం మొదలెట్టింది. సాబ్ దూరం నుంచే అరిచారు, "మేడమ్, ఘోడే కా మూఁ ఛోడో!" అని, అంటే గుర్రం నోరు వదిలేయమని. బెల్ట్ రెండు అంగుళాలు వదులు చేశాక గుర్రం మళ్ళీ మామూలైంది, కానీ అంత వదులు చేస్తే బెల్ట్ చేసే పనీ ఏమీ మిగల్లేదు.

ట్రాట్‌లో కథ ఇంకా పాడు. సాబ్ దీన్ని దుల్కీ అంటారు, రెండు దెబ్బల లెక్క, టకటక ఎగరేస్తుంది. ఇక్కడ గుర్రం తల దాదాపు ఊగదు, మన ఒళ్ళేమో పైకీ కిందకీ పోతుంటుంది, అయినా చేతులు కదలకూడదు, అంటే మోచేతులు ఇంకా వదులుగా ఉండాలి. కూర్చుని చేసే ట్రాట్‌లో అయితే ఆ కుదుపుని మింగాల్సింది నడుమూ తుంటీ. బెల్ట్ భుజాల్ని వెనక్కి గుంజగానే నాకు జరిగింది ఏంటంటే, ఛాతీ ముందుకి పొడుచుకొచ్చి, పక్కటెముకలు పైకి లేచి, నడుము దగ్గర లోపలికి గుంట పడింది, కటి ముందుకి వాలి బరువంతా తొడల మధ్యకి వచ్చేసింది. చూడటానికి నిటారుగానే ఉంటుంది, ఫొటోలో అయితే సూపర్. కానీ గుంట పడిన నడుము బిగుసుకుపోతుంది, బిగుసుకున్న నడుము కుదుపుని మింగలేదు, అప్పుడు జీను మీద దబదబా పడటమే. ఇటు నా వెన్నుకీ నష్టం, అటు గుర్రం వీపుకీ నష్టం. పైగా వెల్క్రో సరిగ్గా పక్కటెముకల కింద బిగుస్తుంది కాబట్టి నిండుగా ఊపిరి అందదు, ఊపిరి బిగబడితే ఒళ్ళంతా బిగుసుకుంటుంది, గుర్రం అది క్షణంలో పట్టేస్తుంది. సాబ్ మాతో ట్రాట్‌లో "ఏక్ దో, ఏక్ దో" అని గట్టిగా లెక్కపెట్టిస్తారు, అదెందుకో అనుకునేదాన్ని, ఊపిరి ఆపకుండా ఉండటానికట, బెల్ట్‌తో ఆ లెక్క సగం ఎరీనాలోనే ఆగిపోయింది.

సాబ్ గురించి ఒక ముక్క చెప్పాలి, ఆర్మీలో గుర్రాల దళంలో దఫేదార్‌గా చేసి రిటైర్ అయ్యారు, మాట కరుకు, చెయ్యి మెత్తన. బెల్ట్ చూసి నవ్వలేదు, చేతిలోకి తీసుకుని లాగి చూసి, "ఇది కందే సీదా చేస్తుంది, బైఠక్ సీదా చేయదు" అని తన హిందీ కలిపిన తెలుగులో అనేసి తిరిగిచ్చేశారు. కందే అంటే భుజాలు, సీదా అంటే నిటారు, బైఠక్ అంటే మన సీటు, అంటే కూర్చునే తీరు. నా రివ్యూ మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది, కానీ రివ్యూ అని మొదలెట్టా కాబట్టి మిగతాదీ రాస్తా.

చూపు సంగతి. మనిషి తల నాలుగున్నర అయిదు కిలోలుంటుంది, దాని మీద హెల్మెట్ ఒకటి. కొత్తగా నేర్చుకునేవాళ్ళందరం గుర్రం మెడనే చూస్తూ ఉంటాం, అదెక్కడికీ పోదు అయినా చూస్తాం. తల వంగితే మెడ, మెడ వెనకాలే భుజాలు, భుజాల వెనకాలే పొట్ట ముడుచుకోవడం. గుర్రానికి అసలే బరువులో ఎక్కువ భాగం ముందుకాళ్ళ మీద ఉంటుంది, మనం కూడా ముందుకి వాలితే ఇంకా ముందుకి కుంగుతుంది. మా క్లాసులో కొన్ని గుర్రాలు రేసుల నుంచి రిటైర్ అయినవి, వాటి మీద ముందుకి వంగారనుకోండి, కొన్నిటికి అది ఇంకా స్పీడ్ పెంచమన్నట్టు, భయమేసి ఇంకా వంగుతాం, అవి ఇంకా పెంచుతాయి, పగ్గం లాగితే దాని మీద ఆనుకుని లాగుతాయి. బెల్ట్ భుజాలు పట్టుకోగలదు గానీ చూపుని పట్టుకోలేదు, బెల్ట్ వేసుకుని కూడా నేను కిందే చూశా, తేడా ఏంటంటే భుజాలు వెనక్కి, మెడ ఒక్కటే ముందుకి, తాబేలు పోజు. దీనికి సాబ్ వాడే మందు ఫ్రీ. ఎరీనా అవతల వేపచెట్టు కింద నిలబడి వేళ్ళు చూపిస్తారు, ఎన్ని వేళ్ళో గుర్రం మీద నుంచి చెప్పాలి, తప్పు చెబితే ఇంకో రౌండ్.

ఇంకో కారణం కూడా ఉంది, చాలామంది పట్టించుకోరు. జీను. వీపు వంగడానికి ప్రతిసారీ మన వీపే కారణం కాదు. క్లాసు జీన్లు అందరికీ అన్ని గుర్రాలకీ వాడి వాడి లోపలి మెత్త అణిగిపోయి కొన్ని వెనక్కి వాలి ఉంటాయి, కూర్చోగానే మనం వెనక అంచుకి జారి కాళ్ళు ముందుకి పోతాయి, అదే కుర్చీ పోజు, బ్యాలెన్స్ కోసం పైభాగం తనంతట తనే ముందుకి వంగుతుంది. గుర్రం ఎక్కకముందు పక్కన నిలబడి చూడండి, జీనులో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటు మధ్యలో ఉండాలి, వెనక్కి పోయి ఉంటే ఇంకో జీను అడగండి, మొహమాటపడకండి. రికాబు పొడుగు కూడా చూసుకోండి, వేళ్ళ కొసలు రికాబు పట్టీ కట్టిన చోట పెట్టి పట్టీని చేతి వెంట చాపితే ఇనప రికాబు చంకలోకి రావాలి, ఇది మొదటి అంచనా, ఎక్కాక కాళ్ళు వదులుగా వేలాడేస్తే రికాబు చీలమండ దగ్గర తగలాలి. మరీ పొట్టిగా ఉంటే మోకాళ్ళు పైకొచ్చి కుర్చీ పోజు, మరీ పొడుగైతే అందుకోవడానికి ముందుకి వాలతాం. నాది పొట్టిగా ఉండేది, రెండు రంధ్రాలు దింపగానే సగం గూని పోయింది, ఏడెనిమిది వందలు పెట్టి కొన్న బెల్ట్ చేయలేని పని అది.

నిజంగా పనిచేసింది తాడు క్లాసు. సాబ్ మధ్యలో నిలబడి పొడుగాటి తాడు పట్టుకుని గుర్రాన్ని తన చుట్టూ గుండ్రంగా తిప్పుతారు, గుర్రం ఆయన కంట్రోల్‌లో ఉంటుంది, మనకి పగ్గాలుండవు, కొన్నాళ్ళకి రికాబులు కూడా తీసేస్తారు. వియన్నాలో స్పానిష్ రైడింగ్ స్కూల్ అని వందల ఏళ్ళ నాటిది ఉంది, అక్కడ కొత్తగా చేరినవాళ్ళకి ఇప్పటికీ చాలాకాలం ఇదే, తాడు మీద, పగ్గాల్లేకుండా, రికాబుల్లేకుండా, ముందు సీటు కుదిరితేనే మిగతావి. మాకు సాబ్ ఇచ్చిన ఎక్సర్‌సైజుల్లో ఒకటి మాత్రం వివరంగా చెప్తా. ఒక చెయ్యి బొడ్డు మీద, ఇంకో చెయ్యి వెనక నడుము మీద ఆనించి నడకలో కూర్చోవాలి. ముందు పిర్రల కింద రెండు ఎముకలు జీనుకి సమానంగా తగులుతున్నాయో లేదో చూసుకోవాలి, తెలియకపోతే ఇంట్లో చెక్క స్టూల్ మీద అరచేతుల మీద కూర్చుని చూడండి, గట్టిగా గుచ్చుకుంటాయి, అవే. ఇప్పుడు గుర్రం అడుగేసినప్పుడల్లా కటి కొంచెం ఊగుతుంది, అది ఊగనివ్వాలి, కానీ రెండు చేతుల మధ్య దూరం పెద్దగా మారకూడదు. వెనక చెయ్యి గుంటలోకి పోతుంటే నడుము మరీ లోపలికి వంచుతున్నట్టు, వెనక చేతిని నడుము బయటికి నెడుతుంటే గూనిగా కుంగుతున్నట్టు. నాకు భుజాలు జారుతున్నాయని రోజూ అనుకుంటుంటే ఇక్కడ తెలిసింది జారేది నడుమని, భుజాలు దాని వెంట పోతున్నాయంతే. కింద ఎముకల మీద నిలకడగా కూర్చుని, పొట్ట కొంచెం బిగిసి, చూపు ముందుకుంటే భుజాలు ఎవరూ లాగక్కర్లేకుండా వాటి చోట అవే దిగుతాయి. "కందే మత్ ఖీంచో, గిరావ్" అంటారు సాబ్, వెనక్కి లాగొద్దు, కిందకి వదిలేయ్ అని. బెల్ట్ చేసేదేమో ఖీంచడమే.

నమ్మకం కుదరకపోతే 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మనవాళ్ళ డ్రెసాజ్ (గుర్రంతో నేర్పుగా అడుగులు వేయించే పోటీ) వీడియోలు చూడండి, టీమ్ గోల్డ్ వచ్చింది, గుర్రపు స్వారీలో 41 ఏళ్ళ తర్వాత ఇండియాకి గోల్డ్, అనూష్ అగర్వాలాకి విడిగా బ్రాంజ్ కూడా. పైభాగం కదలనట్టే కనిపిస్తుంది. వీడియోని స్లో చేసి భుజాలు వదిలేసి నడుము, తుంటి చూడండి, గుర్రంతో పాటు ఎంత కదులుతున్నాయో తెలుస్తుంది.

వాడకంలో చిన్నాచితకా ఇబ్బందులు. ఎండాకాలం మన హైదరాబాద్‌లో పొద్దున ఎనిమిదికే ఈ నియోప్రీన్ ప్యాడింగ్ చెమటతో తడిసి చంకల కింద ఒరుసుకుపోతుంది, టీషర్ట్ మీదే వేసుకోండి, ఒంటి మీద అస్సలు వద్దు. ఆడవాళ్ళకి ఇంకో తలనొప్పి, రేసర్‌బ్యాక్ స్పోర్ట్స్ బ్రా పట్టీలూ దీని క్రాసూ వీపు మీద ఒకేచోట పడి ముడిలా నొక్కుతాయి, మామూలు పట్టీలున్నది వేసుకుంటే కాస్త నయం. బాడీ ప్రొటెక్టర్ (పడితే దెబ్బ తగలకుండా వేసుకునే కోటు) వాడేవాళ్ళు దాని లోపల ఈ బెల్ట్ వేసుకోవద్దు, ప్రొటెక్టర్ ఒంటికి సరిగ్గా అతుక్కుని ఉంటేనే పనిచేస్తుంది, మధ్యలో పట్టీల ముద్దలు పెట్టుకోవడం ఎందుకు. రెండు పట్టీలూ సమానంగా బిగించడం ఒంటరిగా దాదాపు అసాధ్యం, నాకు ల్యాప్‌టాప్ బ్యాగ్ మోసి మోసి కుడిభుజం కిందకి ఉంటుంది, అటు పట్టీ ఎక్కువ బిగుసుకుని ఒళ్ళు ఒకపక్కకి తిరిగేది, ఆ రోజంతా గుర్రం ఎడమ మలుపు దగ్గర మొరాయించింది, దాని తప్పేం ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైంది, ఈ వెల్క్రో గుర్రం దగ్గర విప్పకండి. ఆ చర్రుమనే శబ్దానికి మా చెస్ట్‌నట్ గుర్రం ఒక్కసారి పక్కకి గెంతింది, సైసు (గుర్రాల్ని చూసుకునే మనిషి) పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. విప్పాలంటే దిగి, గుర్రాన్ని లాయానికి పంపేశాక.

అమ్మినవాళ్ళ మీద నా కంప్లైంట్ ఒకటే, సైజు చార్ట్. ఛాతీ కొలత పెట్టారు, కానీ బెల్ట్ బిగుసుకునేది పక్కటెముకల కింద, చార్ట్ ప్రకారం తీసుకున్న ఎమ్ నాకు బిగుతైంది. మార్చమంటే ప్యాకెట్ విప్పారు కాబట్టి కుదరదన్నారు, విప్పకుండా సైజు ఎలా తెలుస్తుందో కస్టమర్ కేర్‌ని అడిగితే "మీ ఫీడ్‌బ్యాక్ మాకు విలువైనది" అని మెసేజ్ వచ్చింది. ఎమ్, ఎల్ మధ్యలో ఉన్నవాళ్ళు ఎల్ తీసుకోండి.

ఎవరు కొనొచ్చు? రోజంతా సిస్టమ్ ముందు కూర్చునేవాళ్ళు, రోజుకి అరగంట, గుర్తుచేసుకోవడం కోసం మాత్రమే, అంతకుమించి వాడితే వీపు కండలు దాని మీదే ఆనుకోవడం అలవాటు చేసుకుంటాయి. దానికంటే గుమ్మానికి రెండుపక్కలా ముంజేతులు ఆనించి ఛాతీ సాగదీయడం, మోకాలి మీద కూర్చుని తొడ ముందుభాగం సాగదీయడం చేస్తే గుర్రం మీద తేడా ఎక్కువ కనపడింది నాకు, ముఖ్యంగా రెండోది, ఎందుకంటే కుర్చీల్లో కూర్చుని కూర్చుని తుంటి ముందు కండరాలు బిగుసుకుపోతే కాలు కిందకి వేలాడదు. డిస్క్ ప్రాబ్లమ్ ఉన్నవాళ్ళు బెల్ట్, రైడింగ్ రెండూ ఫిజియోని అడిగాకే. గుర్రం కోసమే కొందామనుకునేవాళ్ళు మాత్రం ఆ డబ్బులతో ఒక తాడు క్లాసు అడగండి, మా దగ్గర దాదాపు అంతే తీసుకుంటారు, మీ క్లబ్‌లో ఆ క్లాసు లేదంటే రికాబుల్లేకుండా నడకలోనైనా కాసేపు కూర్చోబెట్టమనండి, పగ్గం సైసు చేతిలో ఉండేలా.

గుర్రం మీద 5కి 1.5, ఆ అర కూడా నడకలో మోగినందుకు. డెస్క్ దగ్గర 5కి 3. కుట్లు గట్టివే, చేత్తో ఉతికి నీడలో ఆరేస్తే ఎలాస్టిక్ ఇంకా సాగలేదు. వెల్క్రోలో మాత్రం గుర్రం వెంట్రుకలు ఇరుక్కుంటాయి, పాత టూత్‌బ్రష్‌తో గీకితే వచ్చేస్తాయి.